ధరలు మండిన వేళ ఆగిన రైళ్లు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, రైల్వే సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు, జనవరి నుంచి ఒకటి, జూలై నుంచి ఒకటి, డీఏ (కరువు భత్యం) సవరిస్తారు. ఉత్తర్వు వెలువడగానే పత్రికలు 'ఉద్యోగులకు తీపి కబురు' అని శీర్షిక పెడతాయి. నిజానికి అందులో కొత్తగా చేతికి వచ్చేదేమీ లేదు. బియ్యం, పప్పు, నూనె ధరలు పెరిగి జీతంలోంచి అప్పటికే కరిగిపోయిన భాగమే ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఈ చిన్న సూత్రాన్ని ప్రభుత్వాల చేత ఒప్పించడానికి ఈ దేశపు రైల్వే కార్మికులు దశాబ్దాల పాటు పోరాడారు. ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, జైళ్లకు వెళ్లారు. ఆ పోరాటాల వరుసను ఒకసారి చూడాలి.

యుద్ధకాలం: గ్రెయిన్ షాపులు, కరువు భత్యం

రైల్వే కార్మిక సంఘాలు 1920ల్లో బలపడ్డాయి. ఆ చరిత్రలో తెలుగువారికి బాగా తెలిసిన పేరు వరాహగిరి వెంకటగిరిది. బరంపురంలో పుట్టిన గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, 1928లో తొలగింపులకు వ్యతిరేకంగా వారి సమ్మెకు నాయకత్వం వహించారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. అప్పటి తగాదాలు ఎక్కువగా ఉద్యోగ భద్రత గురించి, సంఘానికి గుర్తింపు గురించి. ధరల ప్రశ్న ముందుకొచ్చింది రెండో ప్రపంచ యుద్ధంతోనే.

యుద్ధం మొదలైన కొద్ది నెలలకే సరుకుల ధరలు ఎగబాకాయి. జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే కార్మికులు కరువు భత్యం అడిగితే, 1940లో బెనెగల్ నర్సింగరావు అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. జీవన వ్యయం పెరిగితే జీతానికి పైన కొంత చెల్లించాలన్న వాదన ఆ విచారణతో అధికారిక రికార్డుకెక్కింది. యుద్ధం ముగిసేసరికి ధరలు రెట్టింపు దాటాయి. సైన్యాన్ని, సరుకును మోసే రైళ్లు ఆగితే యుద్ధమే ఆగుతుంది కనుక, రైల్వేలు తమ సిబ్బందికి తక్కువ ధరకు ధాన్యం అమ్మే గ్రెయిన్ షాపులు నడిపాయి. నగదు చాలనప్పుడు వస్తువే ఇవ్వాలన్న ఆ ఆలోచనను 1974లో కార్మికులు మళ్లీ డిమాండుగా పెట్టారు.

యుద్ధం ముగిసినా ధరలు దిగలేదు. 1946 జూన్ 27 నుంచి దేశవ్యాప్త సమ్మె చేస్తామని ఫెడరేషన్ నోటీసు ఇచ్చింది. ప్రభుత్వం కొన్ని రాయితీలు ప్రకటించాక ఫెడరేషన్ సమ్మె విరమించుకుంది. అదే ఏడాది ఏర్పడిన మొదటి వేతన సంఘం, 30 రూపాయల మూల వేతనం, 25 రూపాయల కరువు భత్యం కలిపి కనీస వేతనం 55 రూపాయలని తేల్చింది. భత్యం మూల వేతనానికి దగ్గరగా నిలవడం ఆనాటి ధరల తీరును చెబుతుంది.

1957 లెక్క, 1960 సమ్మె

1957 జూలైలో 15వ భారత కార్మిక సదస్సు ఒక లెక్క వేసింది. కార్మికుడి కుటుంబాన్ని ముగ్గురు పెద్దల వినియోగానికి సమానంగా తీసుకోవాలి. ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, దానికి తోడు ఇంటి అద్దె; వంటచెరకు, దీపం వగైరా ఖర్చులకు మొత్తంలో 20 శాతం. ఇవన్నీ కలిస్తే కనీస వేతనం. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ ఒప్పుకున్న లెక్క ఇది.

రెండేళ్ల తర్వాత జస్టిస్ జగన్నాథదాస్ నాయకత్వంలోని రెండో వేతన సంఘం ఆ కొలతను పక్కనపెట్టి కనీస వేతనాన్ని 80 రూపాయల దగ్గర ఆపింది. దేశ ఆదాయానికి అంతకు మించి మోసే శక్తి లేదంది. 1960 జూలై 11 అర్ధరాత్రి రైల్వే, తపాలా సహా కేంద్ర ఉద్యోగులు సమ్మెకు దిగారు. నెహ్రూ ప్రభుత్వం అత్యవసర సేవల ఆర్డినెన్సు తెచ్చి సమ్మెను నిషేధించింది. అయిదు రోజుల్లో అది ముగిసింది. సంఘాల గుర్తింపు రద్దయింది. 1968 సెప్టెంబరు 19న అవే కోరికలతో ఒక్కరోజు సమ్మె జరిగితే మళ్లీ ఆర్డినెన్సు, మళ్లీ అరెస్టులు. పఠాన్‌కోట్‌లో కాల్పుల్లో రైల్వే కార్మికులు చనిపోయారు.

రెండుసార్లూ ప్రభుత్వం చెప్పిన మాట ఒకటే: జీతాలు పెంచితే ధరలు ఇంకా పెరుగుతాయి. కార్మికులు ఇచ్చిన జవాబూ ఒకటే: ముందు పెరిగింది ధరలు, మా జీతాలు వాటి వెనక నడుస్తున్నాయి.

1974: ఇరవై రోజులు

1972లో వానలు పడలేదు. ధాన్యం తగ్గింది. అంతకుముందే బంగ్లాదేశ్ యుద్ధం, కాందిశీకుల భారం ఖజానాను లాగేశాయి. 1973 అక్టోబరు తర్వాత అరబ్ దేశాలు చమురు ఎగుమతులు తగ్గించడంతో ముడి చమురు ధర కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. 1974-75లో టోకు ధరల ద్రవ్యోల్బణం సుమారు 25 శాతం.

ఇలాంటి సమయంలో డీఏ ఎందుకు ఆదుకోలేదో అర్థం కావాలంటే దాని లెక్క తెలియాలి. మూడో వేతన సంఘం సూత్రం ప్రకారం, వినియోగ ధరల సూచీ 12 నెలల సగటు 8 పాయింట్లు పెరిగినప్పుడే భత్యం కదులుతుంది. సంవత్సరారంభంలో 100 ఉన్న సూచీ నెలనెలా సమంగా పెరిగి చివరికి 125 అయిందనుకుందాం. 12 నెలల సగటు 112, 113 దగ్గరే ఉంటుంది. దుకాణంలో ధర 125, లెక్కలో 113. ఆ తేడా అంతా ఉద్యోగి ఇంట్లోంచే పోతుంది. ధరలు నెమ్మదిగా పెరిగే కాలంలో ఈ ఆలస్యాన్ని భరించవచ్చు, పరుగెత్తే కాలంలో భరించలేరు. పైగా మొత్తం పెరుగుదలకు పరిహారం కూడా లేదు.

ఆ కోపం ముందు లోకో సిబ్బందిలో బయటపడింది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల పనిదినానికి ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఆ ఏడాదే జార్జి ఫెర్నాండెజ్ ఫెడరేషన్ అధ్యక్షుడయ్యారు. 1974 ఫిబ్రవరిలో వేర్వేరు సంఘాలు జాతీయ సమన్వయ సంఘంగా ఒక్కటయ్యాయి. ఎనిమిది గంటల పని, ప్రభుత్వ రంగ సంస్థలతో సమాన వేతనాలు, ధరలకు పూర్తిగా ముడిపడిన డీఏ, బోనస్, సబ్సిడీ ధరకు తిండిగింజలు, క్యాజువల్ కార్మికుల క్రమబద్ధీకరణ వాటి ముఖ్య డిమాండ్లు.

చర్చలు సాగుతుండగానే మే 2న ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. మే 8న సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షల మంది పనిచేసే సంస్థ అది. ఇందిరా గాంధీ ప్రభుత్వం భారత రక్షణ నిబంధనలను, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టాన్ని ప్రయోగించింది. వేలాది మందిని నిర్బంధించింది. రైళ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దించింది. మొగల్‌సరాయ్ వంటి రైల్వే కాలనీల్లో సమ్మెలో ఉన్నవారి కుటుంబాలను క్వార్టర్స్ నుంచి ఖాళీ చేయించారు. సమ్మె మధ్యలో మే 18న పోఖ్రాన్ అణు పరీక్ష జరిగి, దేశం చూపు అటు మళ్లింది. మే 27న సమ్మె విరమణ ప్రకటించారు. వేలమంది ఉద్యోగాలు పోయాయి. తిరిగి పనిలో చేరినవారికీ సర్వీసులో బ్రేక్ పడింది.

ఆ సమయంలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదులుకున్న మనిషి ఆయన. 1974 జూలైలో, పెరిగిన డీఏలో సగాన్ని, పెరిగిన జీతాన్ని మొత్తంగా నిర్బంధ డిపాజిట్టులో జమ చేయించే ఆర్డినెన్సు ఆయన పేరుతోనే వెలువడింది. ద్రవ్యోల్బణం అదుపుకు ఆర్థికవేత్తలు ఆ చర్యను సమర్థించవచ్చు. భారం ఎవరి మీద పడిందన్నది మాత్రం దాచలేం.

తర్వాత వచ్చినవి

1977లో జనతా ప్రభుత్వం, రైల్వే మంత్రిగా మధు దండవతే ఉన్నప్పుడు, తొలగించిన కార్మికులను తిరిగి తీసుకుంది. 1979లో రైల్వేలో ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ మొదలైంది. నాలుగో వేతన సంఘం తర్వాత డీఏ ఆరు నెలలకోసారి సవరించే పద్ధతి స్థిరపడింది. అయిదో వేతన సంఘంతో అన్ని స్థాయిల ఉద్యోగులకూ ధరల పెరుగుదలకు నూరు శాతం పరిహారం దక్కింది. 1985లో సుప్రీంకోర్టు ఇందర్‌పాల్ యాదవ్ కేసులో రైల్వే ప్రాజెక్టుల క్యాజువల్ కార్మికుల క్రమబద్ధీకరణకు దారి వేసింది. 1974లో అణచివేసిన డిమాండ్లలో చాలావాటిని పదీ పాతికేళ్లలో ప్రభుత్వాలే నిబంధనలుగా రాసుకున్నాయి. అవి న్యాయమైనవని ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత దేశమంతా రైళ్లు ఆపిన వేతన సమ్మె జరగకపోవడానికి ఆనాటి అణచివేత భయం ఒక కారణమైతే, ధరలతో కదిలే డీఏ మరో పెద్ద కారణమని నా అభిప్రాయం.

బస్సుల చరిత్రలోనూ ఇదే ఆరాటం కనిపిస్తుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు, వేతన సవరణతో పాటు ప్రభుత్వంలో విలీనాన్ని ప్రధానంగా అడిగారు. సంస్థ నష్టాల పేరుతో జీతం వెనకబడని రక్షణ వారికి కావాలి. ఆ విలీన బిల్లును 2023లో శాసనసభ ఆమోదించింది.

అయినా ధరలతో కదిలే డీఏ ఇచ్చే రక్షణ శాశ్వతమని ఎవరూ భరోసా ఇవ్వలేదు. కోవిడ్ సమయంలో 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా మూడు విడతల డీఏను కేంద్రం స్తంభింపజేసింది. స్టేషన్లను శుభ్రం చేసే, పెట్టెలు కడిగే కాంట్రాక్టు కార్మికుల సంగతి ఇంకా అన్యాయం. వారి కనీస వేతనానికీ ధరలతో మారే భత్యం నిబంధనల్లో ఉంది. కానీ దాన్ని కాంట్రాక్టరు చేత ఇప్పించే బలం వారికి లేదు, అడిగితే మర్నాడు పని ఉండదు. జనం తక్కువ ఛార్జీకి ప్రయాణించాలి, ఆ కోరిక సమంజసమే. ఛార్జీకి, ఖర్చుకు మధ్య తేడాను ఖజానా భరించాలి, ఊడ్చేవారి కూలి కాదు. పర్మనెంటు ఉద్యోగుల సంఘాలు తమ తర్వాతి డిమాండు పత్రంలో మొదటి వరుస ఈ కార్మికుల పేర రాయాలి. క్యాజువల్ కూలీని తమతో కలుపుకుని సమ్మెకు దిగినవారి వారసులుగా వారికి ఆ బాధ్యత ఉంది.