రెండు వైపులా కలిసిన అబద్ధం

మనలో నాలుగైదేళ్లు కోడు రాసి ఎంబీఏ ఫైనాన్సు వైపు చూసేవాళ్లు చాలామందే. అక్కడ మొదట ఎదురయ్యేది జంటపద్దు విధానం. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ దీన్ని వివరిస్తూ పుస్తకం అచ్చువేయించాడు. డెబిట్టు, క్రెడిట్టు మొత్తాలు కలవకపోతే ఎక్కడో తప్పున్నట్టే. మన చెక్‌సమ్ లాంటిదన్నమాట.

మరి కలిస్తే లెక్క నిజమేనా? కాదని మన హైదరాబాదే చూపించింది. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ చూడండి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో అసలు ఆదాయం 2,112 కోట్లు, చూపించింది 2,700 కోట్లు. ఆదాయం పెంచితే అవతలివైపూ ఏదో పెరగాలి కదా! బ్యాంకు నిల్వ పెంచేశారు. అలా పేరుకున్న లేని నగదు 5,040 కోట్లు. పద్దులు మాత్రం చక్కగా కలిశాయి!

చెక్‌సమ్‌ని కూడా డేటా మార్చినవాడే రాస్తే అది దేన్ని పట్టిస్తుంది? బ్యాంకునే నేరుగా అడగాలి. ఆడిటర్లు ఆ ధ్రువీకరణ పని కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా ఎస్‌ఈసీ తన ఉత్తర్వులో చెప్పింది. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు, ఏ పాపం ఎరగని వేలమంది మనలాంటి ఉద్యోగులు వచ్చేనెల జీతం వస్తుందో రాదోనని భయపడ్డారు.

రాజుగారు కూడా ఒహాయోలో ఎంబీఏ చదివినవారే. కాబట్టి ఫైనాన్సు చదవబోయేవాళ్లు పాఠ్యపుస్తకం పక్కనే ఆ లేఖ కూడా పెట్టుకోండి. లెక్క కలపడం పుస్తకం నేర్పుతుంది. కలిసిన లెక్కని అనుమానించడం ఆ లేఖే నేర్పాలి.