దూరపు విప్లవం, గడప ముందటి బానిస

1848 ఫిబ్రవరిలో పారిస్ ప్రజలు రాజు లూయీ ఫిలిప్‌ను గద్దె దించారు. అట్లాంటిక్ అడుగున తంతి ఇంకా పడలేదు. కబురు ఓడ మీద మార్చిలో న్యూయార్క్ చేరింది. చాలా అమెరికా పత్రికలు దాన్ని పండగలా అచ్చేశాయి. దూరపు కొండలు నునుపు కదా!

ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఫ్రెంచి గణతంత్రాన్ని కీర్తిస్తూ సభ జరిగింది. మిసిసిపి సెనేటర్ హెన్రీ ఫుట్ స్వేచ్ఛను పొగుడుతూ ఉపన్యసించాడు. ఆ మిసిసిపి బానిసల చెమట మీద బతికే రాష్ట్రం! ఆ రోజుల్లోనే, 15వ తేదీ రాత్రి, అదే ఊరి నుంచి 77 మంది బానిసలు 'పెర్ల్' అనే తెరచాప ఓడలో పారిపోయారు. దొరికిపోయారు. చాలామందిని దక్షిణాదికి అమ్మేశారు. బానిసత్వాన్ని వ్యతిరేకించే 'నేషనల్ ఎరా' పత్రిక కార్యాలయం మీద గుంపు రాళ్లేసింది. సంపాదకుడు గమాలియెల్ బెయిలీ బెదరలేదు.

బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1847 డిసెంబర్‌లో రోచెస్టర్‌లో 'నార్త్ స్టార్' పత్రిక పెట్టాడు. 1848 ఏప్రిల్ 27న ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆగస్టు 1న డగ్లస్ ఆ విప్లవం గురించి మాట్లాడి, ఆ ప్రసంగాన్ని తన పత్రికలో అచ్చేశాడు. ఆయనకు పారిస్ వార్త పరాయి దేశపు ముచ్చట కాదు, సొంత జనం విముక్తి లెక్క.

పత్రిక చదివే ఇళ్లలో పుట్టని మాకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. పాత పత్రికలు తిరగేసేటప్పుడు మనం అడగాల్సింది విప్లవాన్ని ఎంత పొగిడారని కాదు. ఆ వార్తని తమ గడప దాటి లోపలికి రానిచ్చారా, లేదా?