వరాహ నదీ పరీవాహక తీరంలోని మత్స్యకార శిశువుల పోషకాహారలోపం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఏటికొప్పాక పరిసరాల నుంచి సముద్రం వరకు విస్తరించిన తీరప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, మత్స్యకార కుటుంబాల పసిపిల్లల పోషణ పాలనా పత్రాల్లోను, వైద్య పరిశోధనల్లోను ఏ రూపంలో నమోదైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చేపలను, ఉప్పును, పడవలను, వలలను లెక్కించిన వ్యవస్థలు శిశువును ప్రత్యేకంగా లెక్కించలేదనీ, ఆ లోటు నేటి పథకాల రూపకల్పనపైనా ప్రభావం చూపుతున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మత్స్యకారులు, శిశుపోషణ, బెరిబెరి, ఉత్తరాంధ్ర తీరం, వేట నిషేధం.

1. ఉపోద్ఘాతం:
అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు ఆర్థిక చరిత్రలో రెండు గుర్తింపులున్నాయి. ఒకటి 1933లో ఏర్పడిన సహకార చక్కెర కర్మాగారం. రెండవది అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. చెరకు, వరి, హస్తకళ ఈ గ్రామ జీవనానికి ఆధారాలు. తూర్పున తీరం వెంట ఉన్న బంగారమ్మపాలెం, పూడిమడక, రాజయ్యపేట వంటి పల్లెల జీవనాధారం సముద్రం. ఉత్తరాంధ్ర తీరంలో వాడబలిజలు, జాలారులు ప్రధాన మత్స్యకార సమూహాలు. మెట్టప్రాంత గ్రామాలకు, ఈ పల్లెలకు మధ్య ఎండుచేపకూ ధాన్యానికీ జరిగిన మారకం పాతది. కాబట్టి మత్స్యకార శిశువు ఆహారచరిత్ర సముద్రంతో పాటు పొలంతోనూ, బియ్యపు మరతోనూ ముడిపడి ఉంది.

2. వలసపాలన నమోదులు:
భారత, బర్మా తీరాల సముద్ర మత్స్యసంపదపై ఫ్రాన్సిస్ డే 1873లో నివేదిక సమర్పించాడు. ఉప్పు పన్ను భారం వల్ల చేపలను నిల్వ చేసుకోవడం కష్టమైన స్థితిలో, మద్రాసు రాజధానిలో సుంకం లేని ఉప్పుతో చేపలను ఎండబెట్టే ఆవరణలు వెలిశాయి. 1907లో మద్రాసు మత్స్యశాఖకు పునాది పడింది. అదే సంవత్సరం డబ్ల్యు. ఫ్రాన్సిస్ రచించిన విశాఖపట్నం జిల్లా గెజెటీర్ వెలువడింది. ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాల్లో జాలారుల, వాడల ఆచారాలకు చోటు దక్కింది.

ఈ నమోదుల దృష్టి స్పష్టమైనది. చేప ఆదాయ వనరు, ఉప్పు పన్ను వస్తువు, మత్స్యకారుడు వృత్తికి, కులానికి ప్రతినిధి. ఇంట్లో పాలు మరిచిన పిల్ల ఏం తిన్నదన్న ప్రశ్నకు ఈ చట్రంలో చోటు లేదు.

3. బెరిబెరి ద్వారా కనిపించిన శిశువు:
తీరాంధ్ర శిశువు మొదట వైద్య పరిశోధనలో కనిపించాడు. అదీ ఒక వ్యాధి కారణంగా. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి వ్యాప్తిని జె.జి. మాల్కమ్‌సన్ 1835లో మద్రాసులో ప్రచురించిన గ్రంథంలో చర్చించాడు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి విచారణ మొదలైంది. 1924లో మెక్‌కారిసన్, నోరిస్ బియ్యానికీ ఈ వ్యాధికీ గల సంబంధంపై అధ్యయనం వెలువరించారు.

కారణం బియ్యాన్ని తయారుచేసే పద్ధతిలో ఉంది. ఉప్పుడు బియ్యానికి ముందు ధాన్యాన్ని నానబెట్టి ఉడికించడం వల్ల పైపొరలోని థయమిన్ కొంత గింజలోకి చేరుతుంది. సర్కారు జిల్లాల్లో వాడుకలో ఉన్న పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పట్టినప్పుడు ఆ పోషకం తవుడుతో పోతుంది. దంపుడు బియ్యంలో మిగిలేది మర బియ్యంలో మిగలదు. థయమిన్ తక్కువైన తల్లి పైకి ఆరోగ్యంగా కనిపించినా, ఆమె పాలు మాత్రమే తాగే శిశువుకు రెండు నుంచి ఐదు నెలల మధ్య ప్రాణాంతక బెరిబెరి రావచ్చు. మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై ఐక్రాయిడ్, కృష్ణన్ చేసిన అధ్యయనం 1941లో వెలువడింది.

ఆ అధ్యయనానికి ప్రాతిపదిక ప్రాంతమే గాని వృత్తి కాదు. సొంత పొలం లేని మత్స్యకార కుటుంబం మారకంగానో, కొనుగోలుగానో వచ్చిన ధాన్యంపై ఆధారపడుతుంది. గింజ రకంపై, దాన్ని పట్టే పద్ధతిపై ఆ కుటుంబానికి అదుపు తక్కువ. ఉత్తరాంధ్ర ఆహారంలో చోళ్ళ అంబలికి ఉన్న స్థానాన్ని తెల్లబియ్యం ఆక్రమించిన క్రమాన్ని ఈ కోణంలో కూడా చూడవలసి ఉంటుంది.

4. మాంసకృత్తుల వాదం, శక్తి లోటు:
కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. ఆ దశాబ్దాల్లో అంతర్జాతీయంగా పసిపిల్లల లోపాన్ని ప్రధానంగా మాంసకృత్తుల కొరతగా భావించారు. ఈ వాదం ప్రకారం చేప అందుబాటులో ఉన్న ఇంట్లో పిల్లలు బాగా ఎదగాలి.

సి. గోపాలన్, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన అధ్యయనం ఈ భావనను ప్రశ్నించింది. హైదరాబాదు పరిసర గ్రామాల్లో 1–5 ఏళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 310 కిలోకేలరీల శక్తి, 3 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందించగా 14 నెలల్లో ఎదుగుదల మెరుగుపడింది. పిల్లల ఆహారంలో ప్రధాన లోటు మొత్తం పరిమాణంలో, శక్తిలో ఉందని దీనివల్ల తేలింది. పలుచని గంజితో చిన్న పొట్ట త్వరగా నిండుతుంది, కాని అవసరమైన శక్తి అందదు. పదేపదే వచ్చే విరేచనాలు అందినదాన్ని కూడా హరిస్తాయి. మంచినీటి వసతి కొరవడిన ఇసుక పల్లెల్లో ఇది మరింత వర్తిస్తుంది. ఒడ్డున చేప ఉండటం, అది పిల్ల కంచంలో ఉండటం ఒకటి కావు.

5. బయటికి వెళ్ళిన చేప, సంతకు వెళ్ళిన తల్లి:
యంత్ర పడవలు, నైలాను వలలు, రొయ్యల ఎగుమతి తీర ఆర్థికవ్యవస్థను మార్చాయి. విలువైన రకాలు వేలంపాట నుంచి నేరుగా శీతల గిడ్డంగులకు చేరాయి. కవళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్నచేపలను ముల్లుతో సహా తినడం వల్ల సున్నం తదితర సూక్ష్మపోషకాలు లభిస్తాయి. వీటినే చేపలపొడిగా, కోళ్ళ మేతగా మార్చే పరిశ్రమకు గిరాకీ పెరిగిన కొద్దీ, పేదింటి వంటకూ పరిశ్రమకూ ఒకే చేప అవసరమైంది.

అమ్మకం భారం స్త్రీలది. తెల్లవారుజామున ఒడ్డున చేప కొని, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే తల్లికి, రోజుకు నాలుగైదుసార్లు తినిపించవలసిన బిడ్డకు మధ్య పని గంటలే అడ్డు. అమ్మకం మానితే ఆదాయం లేదు; వెళితే బిడ్డకు తినిపించేది పెద్ద పిల్లలో, ముసలివారో. ఈ స్థితిని తల్లి అజ్ఞానంగా వర్ణించడం చరిత్రను విస్మరించడమే.

6. సగటులో మరుగైన సమూహం:
సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైంది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లల ఆహారాన్ని హక్కుగా గుర్తించింది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు 31.2 శాతం, ఎత్తుకు తగిన బరువు లేనివారు 16.1 శాతం, వయసుకు తగిన బరువు లేనివారు 29.6 శాతం. రక్తహీనత నాల్గవ సర్వేలో 58.6 శాతం కాగా, ఐదవ సర్వేలో 63.2 శాతానికి పెరిగింది.

ఈ సర్వే సామాజిక వర్గీకరణలో మత్స్యకారులు ఇతర వెనుకబడిన తరగతుల్లో కలిసిపోతారు. మరోవైపు 2010 నాటి సముద్ర మత్స్యగణన సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో 555 మత్స్యకార గ్రామాలను, సుమారు 6.05 లక్షల జనాభాను, వారి పడవలను, వలలను నమోదు చేసింది. పిల్లల ఎత్తు, బరువు అందులో లేవు. ఒక సర్వేలో శిశువు ఉన్నాడు, మత్స్యకారుడు లేడు. మరొకదానిలో మత్స్యకారుడు ఉన్నాడు, శిశువు ఎదుగుదల లేదు.

దీని పర్యవసానం వేట నిషేధంలో స్పష్టమవుతుంది. 2015 నుంచి తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషేధం అమలవుతున్నది. రాష్ట్రంలో నిషేధకాల భృతి 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు ఎదుగుదలకు కీలకమైన పద్దెనిమిది నెలల్లో ఒక శిశువు కనీసం ఒక నిషేధకాలాన్ని, పుట్టిన నెలను బట్టి రెండింటిని చూస్తాడు. రెండు కలిస్తే 122 రోజులు. ఆ వయోదశలో ఐదో వంతుకు పైబడిన కాలం. వేటకు వెళ్ళే వ్యక్తిని లెక్కించి భృతిని నిర్ణయించారు. శిశువు వయసు, తినేవారి సంఖ్య ఆ లెక్కలో లేవు.

7. ముగింపు:
1870ల నుంచి నేటి వరకు ఈ తీరంలో నమోదులు కొరవడలేదు. అవి ఏ ప్రశ్నతో తయారయ్యాయన్నదే అసలు విషయం. బెరిబెరి ప్రాణాలు తీసింది గనుక శిశువు పరిశోధకుల కంటపడ్డాడు. నెమ్మదిగా ఎత్తు తగ్గించే నేటి లోపం ఆ విధంగా కంటపడదు. అంగన్‌వాడీ తూకపు పుస్తకాలను మత్స్యకార గ్రామాల వారీగా వేరుచేసి, నిషేధానికి ముందూ తర్వాతా బరువులను పోల్చడం కొత్త పథకం అవసరం లేకుండానే సాధ్యం. ప్రాంతీయ చరిత్ర పరిశోధకులు గెజెటీర్లతో పాటు ఆ పుస్తకాలను కూడా ఆకరాలుగా స్వీకరించినప్పుడే మత్స్యకార శిశువు చరిత్రకు ఆధారం ఏర్పడుతుంది.