వంత దొరకడమే కష్టం

తణుకు చుట్టుపక్కల జాతరల్లో బుర్రకథ చూసినవాళ్లకు కథకుడే గుర్తుంటాడు. భుజాన తంబురా, చేతిలో అందెలు, కాళ్లకు గజ్జెలు. దళం నిలిచేదీ కూలేదీ మాత్రం పక్కనున్న ఇద్దరు వంతల మీదే. డక్కీ వాయిస్తూ ఒకరు హాస్యం పండించాలి, ఇంకొకరు రాజకీయం అందుకోవాలి.

బుర్రకథకు మూలమైన పూర్వపు జంగంకథలో వంతను వెతుక్కునే తిప్పలు లేవు. కథ చెప్పే జంగానికి భార్యలే వంతలు. ఎంపిక పెళ్లినాడే అయిపోయేది! 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక కథ ఇల్లు దాటింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఊరూరా తిప్పారు. మోటూరి ఉదయం అనే కళాకారిణి ఆడవాళ్లతోనే దళం కట్టారు. అప్పటినుంచి వంతను వెతుక్కోవాల్సి వచ్చింది.

పాట బాగా వచ్చినవాడు వంతకు పనికొస్తాడనుకోవడం పొరపాటు. గొంతు పెద్దదైతే కథకుణ్ణి మింగేస్తాడు, చిన్నదైతే ‘తందాన తాన’ వెనక వరసకు చేరదు. శ్రుతి కలవాలి. కథకుడు చరణం చివర ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలోనే అందుకోవాలి, ముందైతే మాట తెగుతుంది, ఆలస్యమైతే ఊపు చస్తుంది. ఇది ఇంట్లో రెండు పాటలు పాడించుకుంటే తేలదు.

హాస్యగాడి సంగతి మరీ చిక్కు. నేర్చుకున్న జోకు భీమవరంలో పేలి తాడేపల్లిగూడెంలో తుస్సుమనొచ్చు. ఆ ఊరి కాలవ, ఆ ఏటి ధాన్యం ధర, ఎదురుగా కూర్చున్న ప్రెసిడెంటుగారి మీసం, అన్నీ అప్పటికప్పుడు కథలోకి లాగగలగాలి, ప్రెసిడెంటుగారికి కోపం రాకుండా. దీనికి జనమే పరీక్షాధికారులు. అందుకే కొత్తవాణ్ణి నేరుగా ఏదో చిన్న ఊరి పందిట్లోనే ఎక్కించి చూసేవారు.