గ్యాసు అక్కరలేని అతుకు

చేవెళ్ల ప్రాంతపు చందనవెల్లిలో నేడు కర్మాగారాలు వెలసినవి. పూర్వం పల్లెల్లో ఇనుము అతికేది కొలిమిలోనే. కమ్మరి ఎర్రగా కాలిన బండిపట్టా కొసలపై ఇసుక చల్లి సమ్మెటతో మోదేవాడు. ఇసుక చిలుముతో కలసి చిట్టెంగా కరిగి బయటపడేది.

1881లో బెనార్డోస్ విద్యుచ్చాపంతో లోహాలను అతికాడు. కాని కరిగిన ఉక్కుకు గాలి శత్రువు. ఆమ్లజని, నత్రజని సోకితే అతుకు పెళుసుబారుతుంది. స్వీడన్‌లో షెల్‌బెర్గ్ కడ్డీకి మందుపూత పూశాడు. 1950ల చివర అమెరికాలోని లింకన్ సంస్థ ఆ మందును గొట్టపుతీగ కడుపులోనే కూర్చింది! వేడికి అదే వాయువునూ చిట్టెాన్నీ పుట్టిస్తుంది. అందుచేత గ్యాసుబుడ్డి అక్కరలేదు; గాలి వీచే పొలం గేటు వద్దనూ పని సాగుతుంది.

ఇంటి యంత్రంలో ఇట్టి సన్నతీగను సాధారణంగా ఋణధ్రువానికి కలపాలి. గ్యాసుతో వాడే తీగకు ఇది తారుమారు. మరచినచో నిప్పురవ్వలు చిమ్మి అతుకు చెడుతుంది. పొగ మెండు కనుక మూసిన గదిలో చేయరాదు.