నేతపేటలును మందులకు లొంగని క్షయయు

నైజాము రాజ్యమునందలి తెలంగాణ గ్రామములలో కఱవును, పనిలేమియు పీడింపగా బయలుదేఱిన పద్మశాలి కుటుంబములు, 1877లో వెలసిన పాతమిల్లు మొదలుగాగల నూలుమిల్లులను, చేమగ్గములను ఆశ్రయించి, సోలాపూరు తూర్పుభాగమున తమ పేటలను నెలకొల్పుకొనినవి. అచట నేయబడిన జకార్డు దుప్పటి ఆ నగరమునకు దేశమంతట కీర్తి తెచ్చెను; కాని పురుషులు సాంచాల (మరమగ్గముల) నడుమను, స్త్రీలు ఇంట బీడీలు చుట్టుచును దినమంతయు గడపెడి ఇఱుకు గదులలో, దగ్గువలన వ్యాపించు క్షయకును అనువైన తావు దొరకెను.

1943లో అమెరికాయందు సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనువఱకు ఈ వ్యాధికి విశ్రాంతియు, పుష్టికరాహారమును, స్వచ్ఛవాయువును తప్ప నమ్మదగిన చికిత్స లేదు. ఆ మూడును నేతగానికి అందనివే. బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి ఆ నూతనౌషధమును పరీక్షించి 1948లో ఫలితములను ప్రకటించినపుడే, మొదట కోలుకొనిన రోగులలో పెక్కుమందియందు క్రిములు కొన్ని నెలలకే మందును ధిక్కరింపసాగినవని తేలెను. శ్వాసకోశ కుహరములలోని కోట్లకొలది క్రిములలో ఏ కొన్నియో యాదృచ్ఛిక పరివర్తనముచే ముందే నిరోధశక్తి కలిగియుండును. ఒంటరి మందు తక్కినవానిని చంపి వీనికి చోటు కల్పించును. రెండు మూడు మందుల నొకేమాఱు ఇచ్చినచో, అన్నిటిని తట్టుకొను క్రిమి పుట్టుట మిక్కిలి అరుదు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చిన పిమ్మట ఈ సంయుక్త చికిత్సయే రాజమార్గమయ్యెను.

చెన్నపట్టణమున 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇఱుకిండ్లలో చాలీచాలని తిండితోనున్న బీదలు సైతము, ఏడాదిపాటు క్రమము తప్పక మాత్రలు మ్రింగినచో, శానటోరియమునందలి రోగులతో సమానముగ స్వస్థులగుదురని 1959లో నిరూపించెను. నేతపేటలకది గొప్ప అభయమే. కాని ఆ అభయమంతయు 'క్రమము తప్పక' యను నియమముపై నిలిచియున్నది. రిఫాంపిసిన్ రాకతో చికిత్సాకాలము ఆఱు నెలలకు తగ్గినను, నెల రెండు నెలలలో దగ్గు తగ్గగానే, నేసినంతకే కూలి దొరకు కార్మికుడు ఆసుపత్రికి పోయి ఆనాటి కూలి పోగొట్టుకొనుటకు వెనుదీయును. ఆగిన చికిత్సయందు మొండి క్రిములు మిగులును. అటుపై అవి అతని దగ్గుతో వెడలి, ఏ మందును ఎన్నడును ఎఱుగని ఇంటి పసివానికి మొదటినుండియే లొంగని వ్యాధిగ సంక్రమించును. కావున దీనిని రోగి అశ్రద్ధగ మాత్రమే ఎంచుట అన్యాయము.

ఇట్లు మందులకు లొంగని క్షయకు 2007లో గుజరాతు, మహారాష్ట్రములందు ప్రారంభమైన ప్రభుత్వ చికిత్స రెండేండ్లు సాగెడిది; దానియందలి సూదిమందులు కొందఱి వినికిడిని హరించెడివి. 2011 చివర ముంబయి హిందూజా ఆసుపత్రి వైద్యులు, అప్పటికి పరీక్షించిన మందులన్నిటిని ధిక్కరించిన క్షయను నలుగురియందు చూచితిమని ప్రకటింపగా లోకము ఉలికిపడెను. 2024లో భారత ప్రభుత్వము బెడాక్విలిన్ మొదలగు నాలుగు మందులతో ఆఱు నెలల చికిత్స నంగీకరించెను. అదే యేట రోగి పోషణకై ఇచ్చు నెలకు 500 రూపాయలను 1000కి పెంచెను. సోలాపూరు చెంత రాయ్‌నగరమున మగ్గపు పనివారికి, బీడీ కార్మికులకు మొదలగువారికి 15,000 ఇండ్లను అప్పగించెను.

ఈ మూటిలో మొదటిదానిని మాత్రమే వైద్యమని తలచుట మన అలవాటు. కాని ఎనుబదేండ్ల ఈ చరిత్రలో ప్రతి నూతనౌషధమును క్రిమి ఏదో యొకనాడు ధిక్కరించియే యున్నది. గాలియాడు గదియు, కూలి నష్టము లేని చికిత్సయు ఏనాడును దానివలన వ్యర్థము కాలేదు.