అలంకారాల పాఠం: గూడూరు చుట్టుపట్ల లక్షణ విద్య

తెలుగు పద్యాన్ని శాస్త్రంగా చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి తొలుత తగిలే మాటలు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటిలోనూ ఉన్న గుణం సమానధర్మం, ‘వలె’, ‘లాగా’ వంటి మాట ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏ ఒకటి లోపించినా లుప్తోపమ. ఇలాంటి పేర్లను, వాటి నిర్వచనాలను నేర్పే విద్యను అలంకార శాస్త్రమన్నారు. వ్యాకరణం, ఛందస్సు కూడా కలిస్తే అదంతా లక్షణ విద్య.

ఈ విద్య నడిచిన దారులు గూడూరు చుట్టూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఉత్తరాన నెల్లూరు, దక్షిణాన మద్రాసు, పడమటికి వెళ్లే రైలు మార్గంలో వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట, అక్కణ్నుంచి తిరుపతి. ఎన్నో ఏళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్న గూడూరు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చదువుల విషయంలో మాత్రం ఈ ఊరికి అటు నెల్లూరుతోనూ ఇటు తిరుపతితోనూ సంబంధం పాతదే.

13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్నాడు. ఆయనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణం కూడా రాశాడు. తెలుగు భాషకు తెలుగులోనే, అదీ పద్యాల్లో పుట్టిన తొలి వ్యాకరణమది. లక్షణాన్ని పద్యంలో పెడితే నోటికి పట్టుబడుతుంది. తాళపత్రం అందరికీ దొరకని రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. తర్వాత విన్నకోట పెద్దన కావ్యాలంకార చూడామణిలో అలంకారాలను తెలుగు చేశాడు. వెంకటగిరి వెలుగోటి ప్రభువులు తమ పూర్వుడిగా చెప్పుకొనే రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడు 14వ శతాబ్దిలో సంస్కృతంలో రసార్ణవసుధాకరం రచించాడు. నాయికా నాయక భేదాలు, రసభావాలు, నాటక లక్షణాలు నేర్చుకోవడానికి దక్షిణాదిన ఆ పుస్తకాన్ని ఎంతో ఆదరంగా చదివారు.

తిరుపతి కొండ కింద మరో రకం లక్షణ గ్రంథం వెలసింది. తాళ్లపాక అన్నమాచార్యులు పాటకు లక్షణం చెబుతూ సంస్కృతంలో సంకీర్తన లక్షణం రాశాడు. కొడుకు పెదతిరుమలాచార్యులు దానికి వ్యాఖ్య చేశాడు, మనుమడు చినతిరుమలాచార్యులు తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనకు దక్కింది ఈ మూడో తరం రచన ఒక్కటే. ఆలంకారికులు సాధారణంగా కావ్యాన్ని, నాటకాన్ని దాటి చూడరు. పాడుకొనే పదానికి కూడా శాస్త్రం ఉండాలని మూడు తరాలు పట్టుబట్టిన ఇల్లు తెలుగునాట ఇదొక్కటేనేమో.

విద్యార్థుల చేతుల్లో అన్నిటికన్నా ఎక్కువగా నలిగిన పుస్తకం అప్పయ్య దీక్షితుల కువలయానందం. 16వ శతాబ్దికి చెందిన అప్పయ్యది ఆరణి దగ్గరి అడయపాలెం. వెంకటపతి అనే ప్రభువు ప్రేరణతో ఈ గ్రంథం చేశానని చివర చెప్పుకున్నాడు. పెనుకొండ నుంచి చంద్రగిరికి రాజధానిని మార్చిన వెంకటపతి రాయలే ఆ ప్రభువని చాలామంది భావిస్తారు. జయదేవుడి చంద్రాలోకంలోని శ్లోకాలను తీసుకుని, తన వివరణ చేర్చి, మరికొన్ని అలంకారాలు కలిపి అప్పయ్య దీన్ని కూర్చాడు. శ్లోకం మొదటి సగంలో లక్షణం, రెండో సగంలో ఉదాహరణ. ముప్పైరెండు అక్షరాల అనుష్టుప్పులో అలంకారం పేరు, నిర్వచనం, మచ్చు మూడూ ఇమిడిపోతాయి. ఒక్క శ్లోకం నోటికొస్తే ఒక అలంకారం వచ్చినట్టే.

సాదృశ్యం మీద ఆధారపడిన అలంకారాలను ఒక వరసలో నేర్పడం ఈ చదువులో అసలైన అందం. రంగస్థలం మీద వేషాలు మార్చే నటి ఉపమ ఒక్కతేనని అప్పయ్యే చిత్రమీమాంసలో అన్నాడు. ఆ వేషాలెలా మారతాయో గూడూరు సీమలో విరివిగా పండే నిమ్మపండుతో చూడవచ్చు. ‘నిమ్మపండు బంగారంలా మెరుస్తోంది’ అంటే ఉపమ. ‘ఈ నిమ్మపండు బంగారమే’ అంటే రూపకం, ఇక్కడ రెండింటికీ అభేదం చెప్పాం. ‘చెట్టుకు బంగారు ముద్దలు వేలాడుతున్నాయేమో’ అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ‘నిమ్మపండా, బంగారు ముద్దా?’ అని తేల్చుకోలేకపోతే ససందేహం. బంగారమే అనుకొని దొంగ కోసుకుపోతే భ్రాంతిమంతం. ‘నిమ్మపండు కాదిది, బంగారం’ అని ఉన్నదాన్ని కాదంటే అపహ్నుతి. నిమ్మపండు మాటే ఎత్తకుండా ‘తోటనిండా బంగారం కాసింది’ అంటే అతిశయోక్తి. వస్తువులు రెండే, పోలికా ఒకటే. చెప్పే మనసు ఎటు వంగిందో దాన్నిబట్టి పేరు మారుతోంది. ఈ తేడాలను పట్టుకోగలిగిన పిల్లవాడు పద్యంలో కవి ఎక్కడ అనుమానపడ్డాడో, ఎక్కడ నిశ్చయించాడో కూడా గమనిస్తాడు. ఈ పేర్లు నేర్చినందుకు దక్కే నిజమైన ఫలం అదే.

పాఠం నడిచే తీరు ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. మొదట శబ్దమంజరి, అమరకోశం వల్లె వేయాలి. ఆపైన రఘువంశం వంటి కావ్యాలకు అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పుకోవాలి. అలంకారం వంతు ఆ తర్వాతే. ముందు రోజు పాఠం గురువుకు అప్పజెప్పందే కొత్త శ్లోకం లేదు. కువలయానందం అయ్యాక రసం, ధ్వని, గుణదోషాల కోసం విద్యానాథుడి ప్రతాపరుద్రీయం పట్టేవారు. తెలుగు దారిలో వెళ్లేవారికి భట్టుమూర్తి నరసభూపాలీయం, అప్పకవి 1656లో ఆరంభించిన అప్పకవీయం ఉండేవి. అప్పయ్య మతం మీద తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు చిత్రమీమాంసా ఖండనంతో చేసిన దాడి పైతరగతుల్లో చర్చకు వచ్చేది. ఆ వాదం చదివినవారికి నిర్వచనమంటే కంఠస్థం చేసి వదిలేసేది కాదని, ఒక్కో మాటకూ కారణం చూపాలని తెలిసివచ్చేది.

అచ్చు వచ్చాక ఈ పుస్తకాలు ఇంటింటికీ చేరాయి. అందులో పెద్ద పాలు నెల్లూరు సీమ వావిళ్ల గ్రామం నుంచి మద్రాసు వెళ్లి ముద్రణాలయం నెలకొల్పిన వావిళ్ల రామస్వామి శాస్త్రులది, ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులది. సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో, వ్యాఖ్యలతో సహా వారు అచ్చువేశారు. తిరుపతిలో మహంతుల కాలంలో, 1884లో, మొదలైన సంస్కృత పాఠశాల క్రమంగా శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య కళాశాలగా ఎదిగింది. విద్వాన్, భాషాప్రవీణ పట్టాలతో బయటికి వచ్చిన పండితులు జిల్లా బోర్డు బడుల్లో తెలుగు అయ్యవార్లయ్యారు. అగ్రహారాలకు, కొలువులకు పరిమితమైన ఉపమ, రూపకం అన్ని కులాల పిల్లలకూ అందింది ఈ బడుల్లోనే. లక్షణ విద్య చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు లేదు.

పాత మాటలు చాలవన్న వాదన కూడా ఈ సీమ నుంచే వచ్చింది. చిత్తూరు దగ్గరి కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి 1914లో వెలువరించిన కవిత్వతత్త్వ విచారం పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని భావనాశక్తి, కథా సంవిధానం, పాత్రపోషణ వంటి కొలతలతో చూసింది. ఏ పద్యంలో ఏ అలంకారముందో చెప్పి ఊరుకుంటే విమర్శ కాదని ఆయన పట్టు. పండితులు నొచ్చుకున్నారు, గట్టిగా ఖండించారు. అయినా ఆ తర్వాత తెలుగు తరగతిలో పాత పేర్లూ కొత్త పేర్లూ పక్కపక్కనే నిలిచాయి. ప్రతీక, భావచిత్రం, శిల్పం వంటివి అలా వచ్చి చేరినవే.

1954లో తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1961లో సంస్కృత విద్యాపీఠం వచ్చాక ఉన్నత స్థాయిలో ఈ శాస్త్రానికి నిలకడైన చోటు దొరికింది. బడిలో మాత్రం పాఠం బాగా కుదించుకుపోయింది. పదో తరగతి పూర్తయ్యేసరికి విద్యార్థి అనుప్రాస భేదాలు, యమకం, ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, శ్లేష, అతిశయోక్తి, స్వభావోక్తి వంటి కొన్నింటిని చదువుతాడు. యమాతారాజభానసలగం సూత్రంతో గణాలు కట్టి ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం గుర్తుపడతాడు. పరీక్షలో లక్షణం, ఉదాహరణ, సమన్వయం అని మూడు భాగాలుగా జవాబు రాయాలి. మొదటి రెండూ వల్లె వేసినా వస్తాయి. మూడోదానికి పద్యంలోని ఏ మాట ఉపమేయమో, ఏది ఉపమానమో వేలుపెట్టి చూపాలి. ఉపాధ్యాయ నియామక పరీక్షకు తయారయ్యేవారు కూడా ఈ మూడో భాగం మీదే ఎక్కువ సాధన చేయాల్సి వస్తోంది.